విద్యార్థుల లఘుచిత్రములు: పాత్రధారుల ఎంపిక

హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము వంటి పట్టణములలోని మన కళాశాల విద్యార్థులకు లఘుచిత్రము తీయుట నేడు అసాధ్యమైన పని కాదు. చేతిలోని ఫోనే కెమెరా. ఈ సౌలభ్యము ముదావహమే. కాని పాత్రధారుల ఎంపికను, ఏర్పాట్లను చివరి గడియకు విడుచుట తగదు. చిత్రము బాగోగులు సగము చిత్రీకరణకు ముందే తేలిపోవును.

ఎంపికలో కంటికన్న చెవికి ప్రాధాన్యమీయవలెనని మా అభిప్రాయము. హోసూరు అవ్వ పాత్రకు, సినిమా తెలుగు పలుకు యువతికి నెరసిన జుట్టు తగిలించుటకన్న, వీధిలోని అవ్వనే పిలుచుట మేలు. మన ఇండ్లలో తరతరములుగా నిలిచిన పలుకుబడి పుస్తకములకు ఎక్కినది స్వల్పము. పెద్దలతోనే అది కనుమరుగు కాకుండ పది నిమిషముల చిత్రమైనను కొంత నిలుపగలదు.

ఇది క్రొత్త మార్గము కాదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్ళారి రాఘవ (1880–1946) ఆనాడే వాదించి, ఆచరణలో పెట్టెను. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)లో ముసలి అత్త పాత్రకు, సుమారు 80 ఏండ్ల పాత రంగస్థల నటి చునీబాలాదేవిని ఎన్నుకొనెను. 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో విశాఖలోని ఆ పేటవాసులే పెక్కు పాత్రలు ధరించిరి.

పెద్దలకు సంభాషణలు కంఠస్థము కావనియు, కెమెరాను చూచి బెదరుదురనియు కొందరందురు. నిజమే. అందుకే ముందస్తు సన్నాహము కావలెను. వారికి సందర్భము చెప్పి, వారి మాటలలోనే పలికించి, రికార్డు చేసి, ఆ మాటలనే కథలోనికి గ్రహింపవలెను. తెలుగు లిపి రాని యువ నటునకు సంభాషణలను తమిళ, కన్నడ లిపులలో వ్రాసి ఇచ్చుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఏర్పాట్ల విషయమున రాయ్ అనుభవమే పాఠము. 1952లో రెల్లుపూల నడుమ చిత్రీకరణ ఆరంభించి, వారము తరువాత మరలి వచ్చునప్పటికి పశువులు ఆ పూలను మేసివేసినవి. మరుసటి ఏటి పూతవరకు ఆగవలసివచ్చెను. కావున దృశ్యములకు పట్టిక వ్రాసి, స్థలము, వేళ, పాత్రలు, వస్తువులు అందు గుర్తింపవలెను. ఒక ఇంటి దృశ్యములన్నియు ఒకే పర్యాయము ముగింపవలెను. స్క్రిప్టు పుట ఒకటి తెరపై సుమారు ఒక నిమిషమగునని చిత్రసీమలో లెక్క. పది నిమిషముల చిత్రమునకు ఇరువదియైదు పుటలు పట్టుకొని బయలుదేరుట వృథాశ్రమ. ఇంటివారి అనుమతిని, పాత్రధారుల సమ్మతిని ముందే వ్రాతమూలకముగా పొందవలెను. వృద్ధులను ఎండలో నిలుపరాదు. బాలనటుల పని దినమునకు 5 గంటలును, విరామము లేక 3 గంటలును మించరాదని 2017 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. విద్యార్థులును ఈ హద్దు దాటరాదు.

పెద్దలకు ఒక విన్నపము. పిల్లలు వచ్చి అడిగినపుడు "మాకేమి తెలియును నాయనా" అని తప్పించుకొనక, ఒక ఆదివారము వారికొరకు కేటాయించి, ఇంట మాటలాడు తెలుగునే కెమెరా ముందును మాటలాడుదురుగాక.