ఒంటెను కట్టడమూ తవక్కులే

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలు అరేబియా తీరానికి వెళ్ళేవి. బట్టల మూటలతో పాటు హజ్ యాత్రికులనూ చేరవేసేవి. 1611లో ఇంగ్లీషువారు వర్తక స్థావరం పెట్టిందీ ఈ బందరులోనే. అంతటి పట్నాన్ని 1864 నవంబరులో ఉప్పెన ముంచెత్తి దాదాపు 30 వేల ప్రాణాలు తీసింది. 1977 నవంబరులో దివిసీమ కూడా అలాగే తుడిచిపెట్టుకుపోయింది.

ఇంత తెలిసీ తీర ప్రాంతాల్లోని పాత మసీదులు, దర్గాలు, ఖబరస్తాన్‌ల కోసం మనం చేసిన ఏర్పాటేమిటి? గోడ కూలితే "అల్లాహ్ మర్జీ" అని నిట్టూర్చి ఊరుకుంటున్నాం. తుఫాను రావడం అల్లాహ్ మర్జీయే, సందేహం లేదు. కాని మన కప్పు మీది తూములో చెత్త పేరుకుపోవడాన్ని కూడా ఆయన మర్జీ అనవచ్చునా? ఒంటెను కట్టి తవక్కుల్ చేయనా, వదిలేసి చేయనా అని అడిగిన వ్యక్తికి ముందు కట్టమనే దైవప్రవక్త (స) బోధించారు.

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన తుఫాను పేరు హుద్‌హుద్. ఆ పేరు సూచించింది ఒమన్ దేశం. హజ్రత్ సులైమాన్ (అ)కు సబా దేశపు వార్త తెచ్చిన పక్షి అది. ఆ వార్త విని ఆయన ఊరుకోలేదు, వెంటనే లేఖ పంపారు. నేడు తుఫాను వార్త మనకు రోజుల ముందే అందుతోంది. విని మనం ఏం చేస్తున్నాం?

చేయవలసినవి ముతవల్లీలకు, జమాత్ పెద్దలకు అందుబాటులో ఉన్నవే. అక్టోబరు రాకముందే తూములు శుభ్రం చేయించాలి. గోడల్లో మొలిచిన రావి మొక్కలు తీయించాలి. పాత సున్నపు గోడలకు సిమెంటు పూయడం మానాలి. అది తేమనూ ఉప్పునూ లోపలే బంధించి ఇటుకను తినేస్తుంది. సున్నంతోనే మరమ్మతు చేయించాలి. ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడమైతే పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. ఫార్సీ, అరబీ శిలాలేఖనాలకు ఫొటోలు తీయించి, చదవగల వారు ఉండగానే ఉర్దూ, తెలుగులలో రాయించాలి. వక్ఫ్ కాగితాల నకళ్ళు తీరానికి దూరంగా మరో ఊళ్ళోనూ దాచాలి. గోడ పడితే మళ్ళీ కట్టుకోవచ్చు. కాగితం పోతే స్థలమే చేజారవచ్చు.

తీరంలో మడ చెట్లను నరకనివ్వకపోవడమూ ఈ సేవలో భాగమే. ఉప్పెన వేగాన్ని తగ్గించే కంచె అది. దాని నీడ మసీదుకే కాదు, పక్కనున్న గుడికీ, జాలరి గుడిసెకూ రక్ష.

పెద్దలు వదిలి వెళ్ళిన ఈ స్థలాలు మన ఆస్తి కావు, మన దగ్గరున్న అమానత్. సోదరులారా! ఈ జుమా నమాజు తర్వాత ఒక్కసారి మసీదు కప్పు ఎక్కి చూడండి.