నంబరు ఇక్కడిదే... బిల్లు అక్కడిది!

ముమ్మిడివరంలో ఉండే మా పిన్ని ఆమధ్య కూతురి పురిటికి సింగపూర్ వెళ్లింది. సంచిలో ఆత్రేయపురం పూతరేకులు, కాయం ముక్క, వాము పొట్లం, పసిబిడ్డకు మెత్తటి పాత చీరలు. చేతిలో కొడుకు పేరున ఉన్న పోస్ట్‌పెయిడ్ ఫోను. 'రోమింగ్ పెట్టించానమ్మా, ఇక దిగులు లేదు' అన్నాడు వాడు. మనవడు పుట్టాడు. కబురు తెలిసి ఊళ్లోవాళ్లంతా పిన్నికి ఫోను చేశారు. వియ్యపురాలు, ఎదురింటివాళ్లు, చివరికి పాలవాడు కూడా! ఎవరు చేసినా ఆవిడ పిల్లాడి ముక్కు తీరు దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా అన్నీ చెప్పింది. నెల తిరిగాక బిల్లు వచ్చింది. ఆవిడకొచ్చే నెల పింఛను కంటే ఎక్కువ!

'నేనెవరికీ చెయ్యలేదురా, ఆళ్లే చేశారు' అని పిన్ని వాదన. అందులో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

బిల్లు ఎక్కడ పుడుతుంది?

మన ఫోను పరాయి దేశంలో అక్కడి కంపెనీ టవరును పట్టుకుని పనిచేయడమే రోమింగ్. పాలవాడు డయల్ చేసింది ఇక్కడి నంబరు. కాబట్టి అతనికి అది మామూలు కాలే. ఆ కాల్ సముద్రం దాటి సింగపూర్ చేరాలి కదా! ఆ దారి ఖర్చు, అక్కడి కంపెనీ వాటా రెండూ ఫోను ఎత్తినవాళ్ల నెత్తిన పడతాయి. 2003 మే 1కి ముందు మనదేశంలోనూ వచ్చే కాల్‌కి డబ్బు కట్టేవాళ్లం, గుర్తుందా? మోగిన సెల్లు కట్ చేసి, ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తిన రోజులవి. విదేశీ రోమింగ్‌లో ఆ రోజులు ఇంకా పోలేదు.

ఇంటర్నెట్ మరీ గడుసుది. మాట్లాడితే మాట్లాడామని మనకు తెలుస్తుంది. సంచిలో ఉన్న ఫోను తనంతట తానే ఫొటోలు దించుకుంటుంటే, ఆప్‌లను అప్‌డేట్ చేసుకుంటుంటే ఎవరికి తెలుస్తుంది?

పది రోజుల ప్రయాణమా?

* బయల్దేరేముందే కంపెనీ అమ్మే విదేశీ ప్యాక్ వేయించుకోండి. 'రోమింగ్ ఆన్' చేయించడం వేరు, ప్యాక్ కొనడం వేరు. మా తమ్ముడు మొదటిది చేసి రెండోది మరిచాడు. మీరు వెళ్లే దేశం, దారిలో విమానం మారే దేశం రెండూ ఆ ప్యాక్ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

* ప్యాక్ లేకపోతే సెట్టింగ్స్‌లో 'డేటా రోమింగ్' ఆపేయండి. ఇంట్లోనో, హోటల్లోనో వైఫై ఉంటే వాట్సాప్‌లో హాయిగా మాట్లాడుకోవచ్చు. దానికి రోమింగ్ ఛార్జీ ఉండదు.

* ఎత్తని కాల్ మరో నంబరుకు మళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టుకున్నారా? ఆ కాల్ ముందు విదేశానికి వెళ్లి, తిరిగి మనదేశానికి రావచ్చు. రెండు వైపులా ఛార్జీ! ఇక్కడ ఉండగానే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి.

* విమానంలోనూ, ఓడలోనూ ఉండే ప్రత్యేక నెట్‌వర్క్‌ల రేటు నేల మీది రేటు కాదు. ఎక్కగానే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మంచిది.

నెలల తరబడి ఉండేదైతే?

అప్పుడు అక్కడి సిమ్మే నయం. సిమ్ముల చోటు రెండుంటే ఇంటి సిమ్ తీయకుండానే అక్కడిదీ వేసుకోవచ్చు. డేటాకి మాత్రం అక్కడి సిమ్‌నే ఎంచుకోండి. కొత్త ఫోన్లలో చిప్పు పెట్టే పనిలేని ఈ-సిమ్ కూడా ఉంటోంది. ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లొచ్చు. అయితే ప్రయాణికులకు అమ్మే ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప ఫోను నంబరు ఉండదు. సిమ్ మారినా మన పాత నంబరు మీదున్న వాట్సాప్ అలాగే పనిచేస్తుంది. నంబరు మార్చమని అది అడిగితే ఒప్పుకోకండి.

యూరప్ వెళ్లేవాళ్లకో మాట. ఐరోపా సమాఖ్య దేశాల మధ్య రోమింగ్ అదనపు ఛార్జీలను 2017 జూన్ 15 నుంచి ఎత్తేశారు. పారిస్‌లో కొన్న సిమ్‌తో రోమ్‌లోనూ మాట్లాడొచ్చు. ఆ వెసులుబాటు అక్కడి సిమ్‌లకే. మన సిమ్‌కి వర్తించదు.

అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు తమకు అలవాటైన బటన్ల ఫోను పట్టుకెళ్తుంటారు. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో 3జీని ఆపేశాయి. సింగపూర్‌లో 2జీ 2017లోనే పోయింది. పాత ఫోను అక్కడ గడియారంగా తప్ప పనికిరాకపోవచ్చు. 4జీ ఫోను తీసుకెళ్లి, కొడుకు ప్లాన్‌లోనే ఒక లైను కలపమనడం సుఖం.

పనికి వెళ్లే ఆడపడుచులకు

కోనసీమలో విదేశీ ఫోను అంటే ముందు గుర్తొచ్చేది సింగపూర్ కాదు, అమెరికా కాదు. కువైట్, మస్కట్, దుబాయ్. ఇంటిపనికి వెళ్లిన అక్కచెల్లెళ్లు ఎందరో. ఒకప్పుడు ఐఎస్‌డీ బూత్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఫలానా టైముకి వచ్చే ఫోను కోసం ఎదురుచూసేవాళ్లు. తర్వాత మిస్డ్ కాల్ భాష వచ్చింది. ఒక రింగిస్తే 'క్షేమం', రెండిస్తే 'డబ్బు పంపాను'. ఇప్పుడు ముఖం చూసి మాట్లాడుకుంటున్నారు. కానీ మొదటి వారం మాత్రం ఇప్పటికీ గండమే.

ఎందుకంటే కువైట్‌లో నివాస కార్డు చేతికి రావడానికి రోజులు పడుతుంది. తన పేరున సిమ్ తీసుకోవడం అప్పటిదాకా కుదరకపోవచ్చు. యజమాని ఇంటి వైఫై ఎప్పుడిస్తారో తెలీదు. దిగాను, ఫలానా ఇంట్లో ఉన్నాను, ఇదీ అడ్రసు అని చెప్పాల్సిన రోజులే అవి. అందుకే ఆ వారానికి చిన్న రోమింగ్ ప్యాక్ వేయించి పంపండి. ఛార్జీ తగ్గించుకోవాలని ఇంతసేపు చెప్పి ఇదేంటి అనకండి. ఈ ఖర్చు మాత్రం దండగ కాదు. ఏజెంటు చేతిలో పెట్టిన సిమ్‌తో సరిపెట్టుకోవద్దు. అది ఎవరి పేరున ఉందో, రేపు ఎవరు ఆపేస్తారో తెలీదు.

ఆప్‌ల సంగతి దేశానికో తీరు. కువైట్‌లో వాట్సాప్ కాల్స్ వెళ్తాయి. ఎమిరేట్స్‌లో వాట్సాప్ మెసేజీలు వెళ్లినా కాల్స్‌ని అడ్డుకుంటూ వచ్చారు. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి ఆప్‌లే అక్కడ దారి. ఎవరో చెప్పారని దొంగదారి ఆప్‌లు వేసుకుంటే చట్టంతో చిక్కు. టైము కూడా చూసుకోవాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్, మస్కట్‌లు గంటన్నర వెనక.

ఇంకొకటి. ఇంటి నంబరు, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో ఒకటి, బట్టల్లో ఒకటి పెట్టండి. ఫోను పోయినా, ఎవరైనా లాక్కున్నా కాగితం మిగులుతుంది. ముందు ప్లస్, తొంభై ఒకటి కలిపి ఇంటి నంబరు కంఠతా రావాలి. కబురు తెగిపోతే ఇక్కడి కుటుంబం విదేశాంగ శాఖ వారి ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి 1800 11 3090కి ఫోను చేయవచ్చు.

ఇక్కడి నంబరును పోనివ్వకండి

'అక్కడి సిమ్ వచ్చేసిందిగా, దీంతో పనేముంది' అని ఇక్కడి నంబరును గాలికొదిలేసేవాళ్లున్నారు. ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ నంబరును వరసగా 90 రోజులు వాడకపోతే, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. కొన్నాళ్లకు అదే నంబరు ఇంకెవరికో వెళ్తుంది. మీ బ్యాంకు ఓటీపీలు ఎవరి చేతికి వెళ్తాయో ఊహించుకోండి! పంపిన ప్రతి రూపాయీ ఆ ఖాతాలోనే ఉంటుంది. ఆధార్ కూడా ఆ నంబరుతోనే ముడిపడి ఉంటుంది.

అందుకే ఇంటి సిమ్‌కి గడువు తీరకుండా రీచార్జి చేయించండి. రోమింగ్ ఆన్‌లో ఉంచి, డేటా ఆపేస్తే ఓటీపీ మెసేజీలు అక్కడికీ అందుతాయి. సాధారణంగా వచ్చే మెసేజీకి ఛార్జీ ఉండదు. అయినా మీ కంపెనీని ముందే అడిగి ఉంచుకోండి. సిమ్‌ని ఇంట్లో వదిలి వెళ్తే, అది ఎవరి ఫోనులో ఉండాలో బాగా ఆలోచించుకోండి. నంబరు ఎవరి దగ్గరుంటే తాళంచెవి వాళ్ల దగ్గరున్నట్టే.

మొన్న మా పిన్ని మళ్లీ సింగపూర్ వెళ్లింది, మనవడి పుట్టినరోజుకి. ఈసారి బయల్దేరేముందు వీధిలో అందరికీ చెప్పింది: 'వాట్సాప్‌లోనే చెయ్యండి. మామూలు ఫోను చేస్తే ఎత్తను, ఏమీ అనుకోకండేం!' పాలవాడు నవ్వి అన్నాడట: 'ఆయ్, అలాగేనండి. బాబు ఫొటో మాత్రం పెట్టండి.'