ముందు నిలుకడ, పిదప వేగము

ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తీరములందు సర్ఫ్‌స్కీ యను సన్నని నావపై సముద్రవిహారము సేయువారిలో స్త్రీలును గలరు. డర్బను నగరమున మన తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. అట్టి తీరములందుండు సోదరీమణులు తమకుగాని బిడ్డలకుగాని ఈ నావను కొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతి నొకదానిని మేము విన్నవించుచున్నాము.

సర్ఫ్‌స్కీ పైభాగమున పల్లముగా నమర్చిన యాసనముపై కూర్చుండి, రెండు కొనలను ఱెక్కలుగల తెడ్డుతో దానిని నడుపుదురు. పందెపు నావలు 6 మీటర్లకు మించిన పొడవును, సుమారు 43 సెంటీమీటర్ల వెడల్పును గలవి. క్రొత్తవారి నావలు పొట్టివి. వెడల్పు 50 సెంటీమీటర్లకు పైబడియుండును.

నావ సన్నమైనకొలది నీరు తక్కువగా నడ్డగించును. వేగము హెచ్చును, నిలుకడ తగ్గును. అందుచే పలువురు సన్నని నావనే కోరుదురు. నేర్పరులకది తగును. నేర్వనివారి చేతిలోని తెడ్డు నావను నడుపుటకు గాక, పడకుండ నీటిపై నానించుటకే వినియోగమగును. దేహము బిగిసి బలము వ్యర్థమగును. అట్టివారు వెడల్పు నావపైననే త్వరగా పోగలరు. హవాయి ద్వీపములందలి మొలొకాయి పందెమును 2012 నాటికి 12 మార్లు గెలిచిన దక్షిణాఫ్రికా వీరుడు ఆస్కర్ చలుప్‌స్కీ, నేర్పునకు ముందు నిలుకడ కావలెనని బోధించుట యిందులకే.

నావ నిలుకడ నీటినిబట్టి మాఱును. నిశ్చలజలమున హాయిగా సాగిన నావయే ప్రక్కనుండి యలలు కొట్టినపుడు బోల్తాపడును. కావున ప్రశాంతదినమున మాత్రమే పరీక్షించి కొనరాదు. తాము పోదలచిన నీటియందు, కొంచెము అలలు రేగిన దినమున, తోడు నుంచుకొని, తెడ్డుపై నానకయే సాగగలిగిన నావయే తమకు తగినది. గాలి హెచ్చినపుడు నేర్పరులు సైతము వెడల్పు నావను దీసికొందురు. అది చిన్నతనము గాదు.

పడుట యెట్లును తప్పదు. పడినతోడనే నావను బట్టుకొని మఱల నెక్కుటను ఒడ్డుచెంతనే పలుమా ఱభ్యసింపవలెను. నిలుకడలేని నావ అలసినవారిని మఱల మఱల పడద్రోయును. తుదకు ఎక్కుటకు బలము మిగులదు. చేయి జాఱిన నావను గాలి యీతగానికంటె వేగముగా గొంపోవును. కాన నావను కాలికిగాని నడుమునకుగాని త్రాటితో గట్టుకొనవలెను, లైఫ్ జాకెట్టు ధరింపక దిగరాదు, ఒంటరిగా పోరాదు.

బిడ్డలు తోడివారిని జూచి సన్నని నావను కోరినపుడు తల్లులు ధరకు ముందు, "అలలలో పడిన పిమ్మట నీయంత నీవు ఎక్కగలవా?" యని యడుగవలెను. దానికి సమాధానము మాటతో గాక నీటిలో చూపిననాడే ఆ కోరిక తీర్పదగును.