డీటీహెచ్ మంచిదా, కేబులా? అమ్మావాళ్ల ఇంటికైతే నా ఓటు దీనికే

రెండేళ్ల క్రితం తెనాలిలో అమ్మావాళ్లకి కేబుల్ పీకించి డీటీహెచ్ పెట్టించాను. డిష్ అంటే పిక్చర్ బాగుంటుందని నా నమ్మకం. అది పాత లెక్క అండీ. ఇప్పుడు కేబుల్ కూడా డిజిటలే, సెట్‌టాప్ బాక్స్‌తోనే వస్తోంది. హెచ్‌డీ ఛానెల్ పెడితే నాకైతే రెండింట్లో పెద్ద తేడా కనిపించలేదు. 2019లో ట్రాయ్ రూల్స్ వచ్చాక పే ఛానెల్ ఎమ్మార్పీ కూడా రెండింటికీ ఒకటే.

తేడా వానలో తెలుస్తుంది. డీటీహెచ్ సిగ్నల్ దాదాపు 36 వేల కిలోమీటర్ల పైనున్న శాటిలైట్ నుంచి కేయూ బ్యాండ్‌లో వస్తుంది. గట్టి వాన పడితే ఆ తరంగాలు నీళ్లలోనే బలహీనపడిపోతాయి. సరిగ్గా సీరియల్ టైమ్‌కి 'నో సిగ్నల్' అని వస్తుంది, వెంటనే అమ్మ ఫోన్ నాకే!

కేబుల్‌కి వేరే రోగం. వీధిలో కరెంటు పోయి, స్తంభం మీది యాంప్లిఫైయర్‌కి బ్యాకప్ లేకపోతే, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా టీవీ రాదు. డిష్‌కి ఆ గొడవ లేదు.

అద్దె ఇళ్లు మారే నాలాంటోళ్లకి డీటీహెచ్చే బెటర్, దక్షిణం వైపు ఆకాశం కనిపించే బాల్కనీ ఉంటే. (నా హైదరాబాద్ ఫ్లాట్‌కి లేదు.) పెద్దవాళ్లున్న ఇంటికి మాత్రం కేబులే. కస్టమర్ కేర్ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంటే నాన్న విసుక్కుని పెట్టేస్తారు. కేబుల్ అబ్బాయైతే పక్క వీధిలోనే ఉంటాడు. రిమోట్‌లో ఏదో నొక్కి ఏవీ మోడ్‌లోకి పోయినా వచ్చి సరిచేసి వెళ్తాడు. మొన్న సంక్రాంతికి మళ్లీ కేబుల్ లాగించేశాను.

మీ వీధి కేబుల్ ఆయన ఫోన్ ఎత్తే రకం కాకపోతే మాత్రం నా మాట వినకండి.