గాజు బిళ్లలో గ్రంథాలయం

పెళ్లి సీడీ బీరువాలో భద్రంగానే ఉంటుంది. పదిహేనేళ్ల తర్వాత పిల్లలకు చూపిద్దామని తీస్తే, సరిగ్గా తాళి కట్టే వేళకు బొమ్మ ఆగిపోతుంది! ఇంట్లో రాసుకునే సీడీల్లో సమాచారం దాగేది పల్చటి రంగు పొరలో. ఎండ, వేడి, తేమ... ఏది తగిలినా ఆ పొర చెడిపోవచ్చు.

అలా చెడిపోని నిల్వ కోసం బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పీటర్ కజాన్‌స్కీ బృందం క్వార్ట్జ్ గాజును ఎంచుకుంది. సీడీలో రాత అంతా ఒకే పొరలో ఉంటుంది, ఒకే కాగితం ఉన్న పుస్తకంలాగా. గాజు లోపలికి లేజర్‌ని గురిపెడితే మాత్రం ఒకదాని కింద ఒకటిగా ఎన్నో పుటలు రాయొచ్చు. 2013లో వీళ్లు 300 కేబీల పాఠాన్ని మూడు పొరల్లో సన్నటి చుక్కలుగా చెక్కారు. పొరకీ పొరకీ మధ్య ఎడం మిల్లీమీటరులో 200వ వంతు!

దీన్ని 'ఐదు కొలతల' నిల్వ అంటారు. మాయాలోకం మాటలా ఉంది గానీ సంగతి తేలికే. పొడవు, వెడల్పు, లోతుల్లో చుక్క ఎక్కడుందన్నది మూడు కొలతలు. తన గుండా వెళ్లే కాంతిని అది ఏ దిశలో, ఎంతగా మారుస్తుందన్నది మిగతా రెండు. ఈ తేడాలను సూక్ష్మదర్శినితో చదువుతారు.

ఒక్క బిళ్లలో 360 టెరాబైట్లు పట్టించవచ్చన్నది 2016లో ఆ బృందం చెప్పిన లెక్క. అంటే సుమారు 76 వేల మామూలు డీవీడీలు. వెయ్యి డిగ్రీల సెల్సియస్ వేడికీ తట్టుకుంటుందట.

మరి ఇంకా మన బజారుకెందుకు రాలేదు? రాత నత్తనడక. 2021లో ఈ బృందం సాధించిన వేగం సెకనుకు 230 కిలోబైట్లు, వందకు పైగా పేజీల పాఠం. పుస్తకాలకైతే ఫర్వాలేదు, సినిమాలకు చాలదు. ఒకేసారి పలు కిరణాలతో రాసినా 500 టెరాబైట్లు నింపడానికి దాదాపు 60 రోజులు కావాలన్నది వాళ్ల అంచనాయే. పైగా ఆ లేజర్ యంత్రం ఇంట్లో పెట్టుకునేది కాదు. ఇది ఎప్పటికైనా ప్రభుత్వ పత్రాలకూ, పురావస్తుశాలలకూ పనికొచ్చేదే.

2024లో వీళ్లు మనిషి జన్యుపటం మొత్తాన్నీ ఓ గాజు బిళ్లలో రాసి, ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పుగనిలో ఉన్న భాండాగారంలో దాచారు. అప్పటికి మన భాషలే మిగలకపోతే? అందుకే బిళ్ల మీద స్త్రీ పురుషుల బొమ్మలు, హైడ్రోజన్ వంటి మూలకాల గుర్తులు, డీఎన్ఏ ఆకృతి కూడా చెక్కారు.