పది రోజులు కట్టి ఉంచండి



ఈ మధ్య మన కుటుంబాల్లో కొందరు తమ ఆడకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నారు. మాకు చాలా సంతోషం. ఏడాదికి దాదాపు రెండుసార్లు ఎదకు రావడం, ఇంటి చుట్టూ మగకుక్కల కొట్లాటలు, ఆపైన రెండు నెలలకు ఈతలో ఆరేడు పిల్లలు, వాటిని గోనెసంచిలో వేసి సంత దగ్గరో బస్టాండు దగ్గరో వదిలేసి రావడం మనమందరం ఎరిగినవే. గర్భసంచి తీసేస్తే అందులో చీము పట్టి ప్రాణం మీదికి వచ్చే జబ్బు బెడద కూడా తప్పుతుంది. అందుచేత ఆపరేషన్ మంచిదా కాదా అని వాదించడానికి ఇది రాయడం లేదు. మా మాటంతా ఆ తరువాతి రోజుల గురించే.

ఆపరేషన్ డాక్టరు పని. తరువాతి పది, పన్నెండు రోజులు ఇంటివాళ్ల పని. మన ఊళ్లలో మొదటిది డబ్బు పెట్టి చేయించి, రెండోదాన్ని గాలికి వదిలేస్తున్నాం. "కుక్క కదా, దానంతటదే మానుతుందిలే" అంటాం. "మాది సాయంత్రానికే పరుగులు పెట్టింది" అని గొప్పగా చెప్పుకునేవారు కూడా ఉన్నారు. అది గొప్ప కాదండీ. మత్తు పూర్తిగా దిగక ముందే, నొప్పి సూది పనిచేస్తుండగా పరుగెత్తిన కుక్కకు తనకేం జరిగిందో తెలియదు. మనకు తెలుసు.

పైకి కనిపించేది వేలెడంత కోత, నాలుగైదు కుట్లు. లోపల డాక్టరు పొట్ట కండరాన్ని కూడా కోసి, దాన్ని వేరుగా కుట్టి ఉంటాడు. పైచర్మం త్వరగా అతుక్కుంటుంది, లోపలి పొర అంత త్వరగా గట్టిపడదు. మూడో రోజుకో నాలుగో రోజుకో కుక్క బాగా తింటుంది, తోక ఊపుతుంది, కళ్లు మెరుస్తాయి. మనం ముచ్చటపడి గొలుసు విప్పేది సరిగ్గా అప్పుడే. ప్రమాదం కూడా అప్పుడే. ఒక్కసారి గోడ దూకితే లోపలి కుట్టు తెగి, పేగు చర్మం కిందికి జారవచ్చు.

ధర్మశాస్త్రంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ ఇంటివారితోపాటు ఎద్దును, గాడిదను కూడా పేరు పెట్టి చెబుతుంది. కానీ ఆ ఆజ్ఞ ఎద్దుకు ఇచ్చింది కాదు, యజమానికి ఇచ్చింది. పశువు తనంతట తాను విశ్రాంతిని పాటించలేదు గనుక, దాని విశ్రాంతి బాధ్యత మనిషి మీద పెట్టారని మేము అర్థం చేసుకుంటాం. హుషారైన కుక్క విషయం అచ్చంగా ఇదే. అది పడుకోదు. మనం పడుకోబెట్టాలి.

ఎలా అంటారా? మా జూలీ పాలబండి హారన్ వింటే ప్రహరీ ఎక్కే రకం. దానికి ఆపరేషన్ అయ్యాక వీధి కనిపించని వెనక గదిలో చాప పరిచి ఉంచాం. వాకిట్లో కట్టి ఉంటే వచ్చేపోయే ప్రతివాడిని చూసి గొలుసు లాగుతుంది, పొట్ట మీద బరువు పడుతుంది. గదిలో మంచం గానీ కుర్చీ గానీ లేకుండా చూడండి, ఎక్కి దూకుతుంది. మూత్రానికి తాడు పట్టుకుని పెరట్లోకి తీసుకువెళ్లడం, అయిదు నిమిషాల్లో తిరిగి రావడం, అంతే. మెట్లు ఉంటే ఎత్తుకోండి. స్నానం కుట్లు తీసేదాకా వద్దు.

ఒళ్లు ఊరుకోవాలంటే ముక్కుకు పని ఇవ్వాలి. పాత తువ్వాలులో ఉడికించిన గుడ్డు ముక్కలు వేసి వదులుగా చుట్టి ఇస్తే, వాసన పట్టి ఒక్కొక్కటే తీసుకుంటూ పావుగంట గడిపేస్తుంది. ఆ తరువాత గంట సేపు నిద్ర. ఫ్రిజ్ ఉన్నవారు వెడల్పు గిన్నెలో పెరుగన్నం గట్టిపడేలా పెట్టి ఇవ్వండి. నాకుతూ నాకుతూ నెమ్మదిస్తుంది. మొదటి రాత్రి మాత్రం ఇవేవీ కాదు, కాసిని నీళ్లు, కొంచెం తిండి, చలి తగలకుండా ఒక గుడ్డ, మసక వెలుతురు చాలు.

గాయం నాకడం ఇంకొక పోరు. నాకితే మానుతుందని మన పెద్దలు అనేవారు, కానీ నాకితే కుట్లు ఊడతాయి, నోటిలోని క్రిములు చేరతాయి. డాక్టరు ఇచ్చే గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ మెడకు వేయండి. అది వేసుకుని గోడలకు గుద్దుకుంటూ తిరుగుతుంటే నవ్వు వస్తుంది, జాలి కూడా వేస్తుంది, అయినా తీయకండి. మరీ తట్టుకోలేకపోతే డాక్టరుని అడిగి, పాత బనియను తొడిగి నడుము మీద ముడి వేయవచ్చు. తడిస్తే వెంటనే మార్చాలి. పసుపు, నూనె, బూడిద లాంటివి కోత మీద పెట్టవద్దు. ఈగలు వాలనివ్వవద్దు, మన వాతావరణంలో పురుగు పట్టడానికి ఎంతో సేపు పట్టదు.

అన్నీ చేసినా గది చుట్టూ తిరుగుతూ ఎగురుతుంటే? డాక్టరుని అడగండి, మొహమాటం వద్దు. కుక్క బరువును బట్టి నెమ్మదింపజేసే మాత్రలు రాస్తారు. మనం వాడే పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వడం మాత్రం విషం ఇవ్వడమే.

రోజూ రెండు పూటలా కోతను చూడండి. కాస్త ఎరుపు, కొద్దిపాటి వాపు మామూలే. రక్తం ఆగకుండా కారినా, చీము లేక దుర్వాసన వచ్చినా, కుట్ల మధ్య సందు పడినా, చిగుళ్లు తెల్లబడినా, ఒక రోజు దాటినా తిండి ముట్టకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఫోను చేయండి.

మేము ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ఊళ్లో ఒక్క కుక్క కుట్లు తెగి చచ్చిపోతే, "ఆపరేషన్ చేయిస్తే చస్తాయి" అని పది ఇళ్లవాళ్లు వెనక్కి తగ్గుతారు. మళ్లీ గోనెసంచులే.

పిల్లలున్న ఇళ్లలో వాళ్లనే కాపలా పెట్టండి. ఆడించడానికి కాదు, పక్కన కూర్చుని మెల్లగా నిమురుతూ చదువుకోవడానికి. బడి నుంచి రాగానే కేకలు వేస్తూ గదిలోకి దూసుకుపోకూడదని ముందే చెప్పాలి. వాళ్లు బ్యాగు పడేసే చప్పుడుకే అది లేచి గెంతుతుంది.

కుట్లు తీసిన రోజు సాయంత్రమే గేటు తెరిచేయకండి. డాక్టరు సరేనన్నాక మొదట పెరట్లో తాడుతో, తరువాత వీధి చివరిదాకా తాడుతో, ఆపైన వదిలేయవచ్చు. కుట్లు తీయించే తేదీ గోడ క్యాలెండరు మీద ఇవాళే గుర్తు పెట్టుకోండి. బండి లేనివారు మాకు చెబితే ఆ ఉదయం మేము తోడు వస్తాం.