పూత మీద బేరం

వేసవి రాగానే మా మదర్సా గేటు ఎదుట ఒక తోపుడుబండి వచ్చి నిలుస్తుంది. ఆ బండివాడు కలెక్టరు కాయలను పొడవుగా చీల్చి, ఉప్పూ కారమూ అద్ది, కాగితంలో పెట్టి ఇస్తాడు. అస్ర్ నమాజు ముగియగానే పిల్లలందరూ అక్కడే ఉంటారు. వారి వెనుక నేనూ నిలబడతానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

మొన్న అతడు నా చేతికి ముక్క అందిస్తూ అన్నాడు: "హజ్రత్, నిరుడు నేనూ ఇరవై చెట్లు పట్టాను. పూత చూసి డబ్బంతా ముందే కట్టాను. గాలివానకు పిందెలన్నీ రాలిపోయాయి. యజమానిని అడిగితే, బేరం బేరమేనన్నారు." ఆ యజమాని మస్జిదులో మొదటి వరుసలో నిలబడే మనిషే. పేరు చెబితే పరనింద అవుతుంది, చెప్పను.

మామిడి చలికాలంలో చెట్టు నిండా పూస్తుంది. అందులో కాయగా నిలిచేది బహు స్వల్పం. తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఈదురుగాలి, అకాల వర్షం, ఇన్నింటినీ దాటాలి. కనుక పూత మీద అమ్మడమంటే ఇంకా ఉనికిలోకి రాని సరుకును అమ్మడమే. పండ్లు పక్వానికి రాకముందు వాటిని అమ్మడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. అల్లాహ్ ఆ ఫలాన్ని ఆపివేస్తే సోదరుని సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటారని నిలదీశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

మరి బండి మీది పచ్చికాయ మాటేమిటి? కాయ ఏర్పడి, పచ్చడికో ముక్కలకో పనికివచ్చే దశకు చేరాక, వెంటనే కోసుకొనే షరతుపై అమ్మవచ్చునని ధర్మవేత్తలు వివరించారు. కళ్లెదుట ఉన్న కాయకు ధర కట్టడంలో అనిశ్చితి లేదు.

ఈ తొందరపాటుకే మరో రూపం కార్బైడ్. ముందే డబ్బు పోసి నష్టపోయినవాడు మిగిలిన కాయను ముదరకుండానే కోయించడానికి ఆశపడతాడు. కార్బైడ్ తగిలిన కాయకు తొక్క పచ్చబడుతుంది, లోపల పులుపు మిగులుతుంది. అందులో ఆర్సెనిక్ జాడలుంటాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు అలాంటి పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. ముదిరిన కాయను వరిగడ్డిలో మాగవేస్తే కొద్ది రోజుల ఓపిక చాలు.

తోటలున్న సోదరులారా! కాయ నిలిచాకే బేరమాడండి. సరుకే లేని బేరంలో పుచ్చుకున్న సొమ్ము మీ వద్ద ఉంటే తిరిగి ఇచ్చివేయండి. ఆ రాత్రి ఇషా తరువాత నేను ఆ యజమాని ఇంటికి వెళ్లి ఇదే విన్నవించాను. "ఆలోచిస్తాను, మౌలానా" అన్నారు. మళ్లీ పూత రాకముందే ఆ ఆలోచన తెమలాలని దుఆ చేస్తున్నాను.